జాకెట్లు కుట్టే షెడ్డుకు పొట్టు పొయ్యి

మాది అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, నాషువా. ఇంటి వెనక విడిగా ఉన్న 450 చదరపు అడుగుల షెడ్డులో జాకెట్లు, లంగాలు కుడతాను. జనవరి ఉదయాల్లో మిషన్ నూనె చిక్కబడి చక్రం మొరాయిస్తుంది. కత్తెర పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. మూడు చలికాలాలు కరెంటు హీటర్లతో నెట్టుకొచ్చి, కిందటేడు పెల్లెట్ స్టవ్ పెట్టించాను.

ఫోనులో చెబితే అమ్మ, "మన పొట్టు పొయ్యే కదా!" అంది. నిజమే. చిన్నప్పుడు రేకు డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, రోకలి లాగేసి కింది కన్నంలోంచి నిప్పు అంటించేవాళ్లం. ఇక్కడ ఆ పొట్టునే యంత్రంలో నొక్కి, పశువుల దాణా గుళికల్లా చేసి 40 పౌండ్ల బస్తాల్లో అమ్ముతారు. జిగురు కలపనక్కర్లేదు, ఆ ఒత్తిడికి పుట్టే వేడికి చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది. పొయ్యిలో మెలికలు తిరిగిన కడ్డీ ఒకటి నెమ్మదిగా తిరుగుతూ గుళికలను నిప్పులోకి తోస్తుంటుంది. అమ్మ పొయ్యికి కరెంటు అక్కర్లేదు, దీనికి కావాలి. నన్ను ఏడిపించింది అదే.

మొదటి వారంలోనే పొయ్యి వెలిగిస్తూ ఇస్త్రీ మొదలుపెట్టాను. షెడ్డంతా చీకటి! ఇక్కడి మామూలు లైను 15 ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 1800 వాట్లు. ఇస్త్రీ పెట్టెకే 1500 పోతుంది. పొయ్యిని వెలిగించే కడ్డీకి మరో మూడు నాలుగు వందలు, ఆపైన మిషన్, దీపాలు. ఈ లెక్క పొయ్యి బిగించినవాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. విడిగా లైను వేయించుకోవడానికి మళ్లీ ఖర్చు. ఫిబ్రవరిలో మంచు తుఫానుకు కరెంటు పోతే పొయ్యిలో పొగను బయటికి నెట్టే ఫ్యాన్లు ఆగి పొగ గదిలోకి తిరిగింది. ఎవరిదో పెళ్లి పట్టుచీర ఆ వాసన పట్టి, మూడు రోజులు మా పడకగదిలో గాలికి ఆరింది. ఆ తర్వాత ఫ్యాన్లు కాసేపు తిరిగేందుకు బ్యాటరీ కొన్నాను.

దుకాణంలో అమ్మకందారు 50,000 బీటీయూ (పొయ్యి ఇచ్చే వేడికి ఇక్కడి కొలత) పెద్ద పొయ్యి తీసుకోమని పట్టుబట్టాడు. నేను అక్కడున్న వాటిలో చిన్నదే తీసుకున్నాను, మంచి పని చేశాను. చిన్న గదిలో పెద్ద పొయ్యిని ఎప్పుడూ సన్న మంట మీదే ఉంచాలి. అలా ఉంచితే అద్దం నల్లబడుతుంది, గొట్టంలో మసి చేరుతుంది. మంటకు కావలసిన గాలిని బయటి నుంచి తెచ్చే గొట్టం మాత్రం పెట్టించుకోండి. బీమా కంపెనీకి ముందే చెప్పండి.

వేడి విషయంలో వంక పెట్టను. వెలగడానికి పది పదిహేను నిమిషాలు, గది వెచ్చబడడానికి ఇంకో ముప్పావు గంట. తొమ్మిది గంటలు పనిచేసే నాకు బస్తా రెండు రోజులొస్తుంది. నవంబరు మొదట్లో దింపిన టన్ను, అంటే 50 బస్తాలు, మార్చి దాకా వచ్చాయి. వారానికి రెండు గంటలు షెడ్డులోకి వెళ్లేవారికి ఈ తంటా ఎందుకు? కరెంటు హీటరు చాలు.

చాకిరీ మాత్రం ఉంది. రోజూ పొద్దున్నే నిప్పు గిన్నె గీకాలి. ఒకసారి చవక బస్తాలు కొంటే అడుగున చిట్టెం కట్టి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే గానీ రాలేదు. వెనక ఫ్యాను నా బట్టల నూగునంతా పీల్చుకుంటుంది కాబట్టి శనివారం శనివారం దులపాలి. బూడిద చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు ఉంటుంది, మూత ఉన్న ఇనప బకెట్లో వేసి ఆరుబయట పెడతాను. బస్తా ఒంపేటప్పుడు లేచే దుమ్ముకు పట్టుచీరలన్నీ దుప్పటి కప్పుకోవాల్సిందే.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. అమ్మ మాత్రం ఇంకా తగ్గిస్తుంది. దాని మీద టీ కాగుతుందా అని అడిగింది. కాచిన టీ గ్లాసు పెడితే చల్లారదు గానీ, పైన గిన్నె పెట్టి కాచేంత వేడి రాదని చెప్పాను. "అంత డబ్బు పోసి!" అని ఫోను పెట్టేసింది.