గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన మాట్రిజెల్: ఇన్‌ఫ్లమేషన్ ప్రయోగాల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

రేటింగ్: మందుల తొలి వడపోతకు 5కి 4. ఇన్‌ఫ్లమేషన్ కొత్త రక్తనాళాలను ఎలా పుట్టిస్తుందో తేల్చడానికి 5కి 2.

మాట్రిజెల్ అంటే కణాలను పెంచడానికి ప్లేటులో పరిచే ప్రొటీన్ జెల్. దాని మీద రక్తనాళాల లోపొర కణాలను వేస్తే గొట్టాల వల అల్లుతాయి. మనం కలిపిన మందు, లేదా ఇన్‌ఫ్లమేషన్ (శరీరం చూపే వాపు స్పందన) సంకేతం, ఆ వలను పెంచిందా తగ్గించిందా అని చూడటమే ఈ పరీక్ష. ముందు ఏ రకం కొనాలన్న సంగతి. ఈ జెల్‌ను ఎలుకల్లో పెంచే ఈహెచ్‌ఎస్ అనే ట్యూమర్ నుంచి తీస్తారు. లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ అనే ఆధార ప్రొటీన్లతో పాటు ఈజీఎఫ్, పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల పెరుగుదలను నడిపే ప్రొటీన్లు) కూడా అందులో వచ్చేస్తాయి. మామూలు రకం మీద హువెక్ కణాలు (బొడ్డుతాడు సిర లోపొర కణాలు) ఏమీ కలపకుండానే వల అల్లేస్తాయి. ఇక మీరు కలిపిన ఐఎల్-8 అనే సైటోకైన్ (ఇన్‌ఫ్లమేషన్ సంకేత ప్రొటీన్) ఏం చేసిందో ఎలా తెలుస్తుంది? అందుకే తగ్గించిన రకమే కొనండి. అందులోనూ టీజీఎఫ్-బీటా చాలావరకు మిగిలే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

వయల్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో, ఐస్‌లో గుచ్చి కరగనివ్వాలి. 10 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది కాబట్టి పిపెట్ టిప్స్, ప్లేటు ముందే చల్లబరచాలి. 96 వెల్ (గుంటల) ప్లేటులో వెల్‌కు 50 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. పిపెట్‌ను రెండో స్టాప్ దాకా నొక్కితే బుడగ ఖాయం. జెల్ అంచుల్లో ఎత్తుగా, నడుమ పల్లంగా ఉంటే కణాలు జారి మధ్యలో కుప్పపడతాయి. మరీ పల్చగా ఉంటే ప్లాస్టిక్‌కు అతుక్కుని వెడల్పుగా పరుచుకుంటాయి, గొట్టాలు కట్టవు. వెల్‌కు 10 నుంచి 15 వేల హువెక్ కణాలు, ఆరో పాసేజ్ (కొత్త పాత్రకు మార్చి పెంచే విడత) దాటనివి, సరిపోతాయి. 4 నుంచి 6 గంటల్లో వల కనిపిస్తుంది. మర్నాటికి తెగిపోతుంది కాబట్టి ఫొటోలు ఆలోపే తీయాలి. పోలిక కోసం, గొట్టాలు కట్టకుండా ఆపే సురామిన్ అనే మందును ఒక వెల్‌లో కంట్రోల్‌గా పెట్టండి.

అసలు చిక్కు టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే మరో సైటోకైన్‌తో. అది కణాలకు రెండు మూడు రోజులు తగిలి తర్వాత తొలగిపోతే, కొత్త నాళపు మొలక కొసన ముందు నడిచే టిప్ కణాలు తయారవుతాయి. తొలగకుండా అలాగే ఉంటే మొలకలు ఆగిపోతాయి. వెల్‌లోనే కలిపేసి, ఆరు గంటల తర్వాత గొట్టాలు తగ్గాయని చూసి 'ఇది రక్తనాళాలను ఆపుతుంది' అని రాస్తే అది తప్పు నిర్ధారణ. ఫ్లాస్కులోనే టీఎన్‌ఎఫ్ ఇచ్చి, కడిగి, బతికున్న కణాలను మళ్లీ లెక్కపెట్టి జెల్ మీద వేయండి. మరిగించిన సైటోకైన్‌తో ఒక వెల్ తప్పకుండా ఉండాలి. వేడికి ప్రొటీన్ చెడిపోతుంది, అందులో కల్తీగా చేరి ఉండగల ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) చెక్కుచెదరదు. మరిగించాక కూడా ప్రభావం అలాగే ఉంటే అది మీ సైటోకైన్‌ది కాదు.

ఇంత జాగ్రత్త పడ్డా ఈ జెల్‌లో మాక్రోఫేజులు (ఇన్‌ఫ్లమేషన్‌లో పనిచేసే రోగనిరోధక కణాలు) లేవు, పెరిసైట్లు (నాళాలను బయటి నుంచి పట్టి ఉంచే కణాలు) లేవు. కణజాలంలో మాక్రోఫేజులు రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను తామే విడుదల చేస్తాయి. ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ మాట్రిక్స్‌లో (కణాల చుట్టూ ఉండే ప్రొటీన్ వలలో) చిక్కుకున్న వీఈజీఎఫ్‌ను విడిపిస్తుంది. యాంజియోపాయిటిన్-2 అనే ప్రొటీన్ పెరిసైట్ల పట్టు సడలిస్తుంది. ప్లేటులో ఇవేవీ కనిపించవు. పైగా రక్తనాళాలవి కాని ఫైబ్రోబ్లాస్టులు (కణజాలపు ఆధార కణాలు) కూడా దీని మీద గొట్టాల్లాంటివి కడతాయి.

ఇదే జెల్‌ను ముద్దగా ఎలుక చర్మం కింద పెట్టే ప్లగ్ పద్ధతి ఇంతకంటే నయం. నాళాల లోపొర కణాలను గుర్తుపట్టే సీడీ31 రంగుతో నాళాలు లెక్కపెట్టొచ్చు. అయితే ప్లగ్ తానే ఇన్‌ఫ్లమేషన్ కణాలను పిలుస్తుంది కాబట్టి, సైటోకైన్ లేని ఖాళీ ప్లగ్ పక్కన లేకపోతే ఆ లెక్కకు విలువ లేదు.

జెల్ లాటు (తయారీ బ్యాచ్) మారితే ప్రొటీన్ గాఢత కూడా మారుతుంది. ఒక ప్రయోగ వరుసకు సరిపడా ఒకే లాటు కొని, చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించి, ఒక్కోదాన్ని ఒక్కసారే కరిగించి వాడండి.