లాటినో, లాటినెక్స్, లాటినే: ఏది మేలు?

లాటిన్ అమెరికా మూలాలున్న పదిమంది అమ్మాయిలు కూర్చుంటే స్పానిష్‌లో వాళ్లు లాటినాస్. ఒక్క అబ్బాయి వచ్చి పక్కన చేరగానే పదకొండుమందీ లాటినోస్ అయిపోతారు. పేచీ అంతా ఇక్కడే. తెలుగులో ‘వాళ్లు వచ్చారు’ అంటే ఆడా మగా అందరూ ఇమిడిపోతారు కాబట్టి మనకు ఈ ఇబ్బంది చప్పున తట్టదు. స్పానిష్‌లో చాలా విశేషణాలు కూడా ఆడో మగో తేల్చుకోవాల్సిందే. రెండూ కాదనుకునే మనిషికి చోటే లేదు.

ఆ చోటు కోసం 2000ల మధ్యలో ఇంటర్నెట్‌లో పుట్టిన మాట లాటినెక్స్, అంటే లాటినో చివరి ‘ఓ’ (o) తీసి ఎక్స్ (x) పెట్టడం. అమెరికా యూనివర్సిటీల్లో బాగా పాకింది, 2018లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువుకెక్కింది. ఉద్దేశం మంచిదే, కానీ నోరు తిరగదు. ‘లోస్ నిన్యోస్’ అంటే పిల్లలు. అందులో ‘ఓ’ (o) అనే అక్షరం ఉన్నచోటల్లా ఎక్స్ పెట్టి పైకి చదవండి, తెలుస్తుంది. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడలేని మాట ఆ ఇంటి పేరెలా అవుతుంది? అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ 2020లో చెప్పిన లెక్కల ప్రకారం అక్కడి లాటినోల్లో ఈ మాట విన్నవాళ్లు 23 శాతం, వాడేవాళ్లు 3 శాతం. 2023 సర్వేకి విన్నవాళ్లు 47 శాతానికి పెరిగారు. వాడేవాళ్లు మాత్రం 4 శాతమే. 1929 నాటి లాటినో పౌరహక్కుల సంస్థ లులాక్ కూడా 2021లో దీన్ని పక్కన పెట్టేసింది. ఇష్టంలేక మానుకోవడం వేరు, 2023లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్ర గవర్నర్ చేసినట్టు సర్కారీ కాగితాల్లో నిషేధించడం వేరు. రెండోది నాకు మింగుడుపడలేదు.

తటస్థమైన మాటే కావాలంటే నా ఓటు చివర ‘ఎ’ (e) పెట్టిన లాటినేకి. ‘ఎస్తుదియాంతే’ అంటే విద్యార్థి, ఆడైనా మగైనా అదే మాట. అంటే ఆ చివరి ‘ఎ’ స్పానిష్ నాలుకకు పుట్టుకతో వచ్చిందే. అర్జెంటీనా కుర్రకారు ‘తోదోస్’ (అందరూ) బదులు ‘తోదెస్’ అని సభల్లో హాయిగా పలుకుతారు. పుంలింగమే అందరికీ వర్తిస్తుందని స్పానిష్ భాషా సంస్థ రాయల్ అకాడమీ అంటుంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్ నగరం 2022లో బడుల్లో ఈ వాడకాన్ని ఆపించింది. అయినా పలికేవాళ్లు పలుకుతూనే ఉన్నారు.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు. ‘లాటినే వచ్చారు’ అంటే మన చెవికి ‘లాటిన్ మాత్రమే’ అని వినిపిస్తుంది. మనకు ‘లాటినోలు’లో లింగం తగలదు కాబట్టి గుంపు గురించైతే అదే రాస్తాను. ఎవరైనా తమను లాటినే అని చెప్పుకుంటే వాళ్ల పేరు పక్కన అదే ఉంటుంది.