సర్వే చేసేవాళ్లూ, పాలసీ మార్చేముందు ఈ ఒక్క తేదీ చూసుకోండి

మన పనిలో పొరపాటు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆదుకునే ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ రెన్యువల్ దగ్గరపడిందా? వేరే కంపెనీ తక్కువ ప్రీమియం చెబుతోందని మారిపోదామనుకుంటున్నారా? సంతకం పెట్టేముందు మా సంగతి వినండి. ఒక్క రోజు కూడా గ్యాప్ లేకుండా ఏళ్ల తరబడి ప్రీమియం కట్టాం. తీరా క్లెయిమ్ వచ్చాక పాత కంపెనీ కాదంది, కొత్త కంపెనీ కాదంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పొరపాటు మాదే, అందులో దాచేదేం లేదు. ఒక స్టీలు షెడ్డుకి యాంకర్ బోల్టులు (స్తంభాలను పునాదికి బిగించేవి) ఎక్కడ రావాలో పాయింట్లు ఇచ్చాం. ఉదయం బ్యాక్‌సైట్‌ని (ముందే తెలిసిన పాయింటుని) పెద్ద ప్రిజంతో (మిషన్ కిరణాన్ని తిప్పికొట్టే గాజుతో) చెక్ చేశారు, సరిగ్గా సరిపోయింది. తర్వాత చేతికి సులువుగా ఉంటుందని మావాళ్లు కర్రకి మినీ ప్రిజం తగిలించారు. ఆ ప్రిజం కాన్‌స్టంట్, అంటే కొలిచిన దూరానికి కలపాల్సిన సవరణ, సున్నా. టోటల్ స్టేషన్‌లో, అంటే దూరాలు, కోణాలు కొలిచే మిషన్‌లో, ఉన్నది పెద్ద ప్రిజంకి పెట్టిన మైనస్ 30 మిల్లీమీటర్లు. ఎవరూ మార్చలేదు. అంటే మిషన్ 50 మీటర్లు అని చూపించిన చోట అసలు దూరం 50.03. మిషన్ షెడ్డు మధ్యలో ఉంది కాబట్టి ఒక పక్క బోల్టులు అటు జరిగాయి, ఎదుటి పక్కవి ఇటు జరిగాయి. ఎదురెదురు స్తంభాల మధ్య దాదాపు 60 మిల్లీమీటర్లు పెరిగింది. సాయంత్రం సామాను సర్దేముందు అదే ప్రిజంతో తెలిసిన పాయింటు ఒక్కటి కొట్టి చూసినా అక్కడికక్కడే దొరికేది.

పునాదులు పోశాక ఆ పని ఏడాదికి పైగా ఆగిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు స్టీలు పని చేసేవాళ్ల నుంచి ఒక మెయిల్ వచ్చింది. "స్పాన్ కాస్త ఎక్కువ వస్తోంది, మీ గ్రిడ్ ఒకసారి చూస్తారా" అని, అంతే. స్పాన్ అంటే ఎదురెదురు స్తంభాల మధ్య దూరం, గ్రిడ్ అంటే స్తంభాలకి మేం ఇచ్చిన గీతలు. టేపు సరిగ్గా పట్టుకుని ఉండరులే అనుకున్నాను. చూస్తామని జవాబిచ్చి మర్చిపోయాను. ఈ మెయిల్‌ని గుర్తుపెట్టుకోండి.

మూడు వారాలకి రెన్యువల్ వచ్చింది. ఏజెంట్ కొత్త కంపెనీ కోట్ తెచ్చాడు. "సార్, లిమిట్ అదే, కవర్ అదే, ప్రీమియమే తక్కువ" అన్నాడు. నేను చూసింది కూడా ఆ రెండు అంకెలే: కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం (లిమిట్), ప్రీమియం. ప్రపోజల్ ఫారంలో "క్లెయిమ్‌కి దారితీయగల విషయం ఏదైనా మీ దృష్టిలో ఉందా" అనే ప్రశ్న ఉంటే, లేదు అని టిక్కు పెట్టేశాను. నాలుగు నెలలకి లాయర్ నోటీసు వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన పాలసీలు ఎక్కువగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటాయి. పని ఎప్పుడు చేశాం అన్నదాని కంటే, క్లెయిమ్ మన మీదికి వచ్చిన రోజున ఏ పాలసీ నడుస్తోంది అన్నదే ముఖ్యం. దానికి తోడు రెట్రోయాక్టివ్ డేట్ అని ఒకటి ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పని లెక్కలోకి రాదు. పాత పాలసీలో ఆ తేదీ మేం మొదట ఇన్సూరెన్స్ తీసుకున్న రోజు. కొత్తదాంట్లో పాలసీ మొదలైన రోజే వేశారు. పాలసీ వివరాలుండే షెడ్యూలు రెండో పేజీలో, చిన్న గడిలో, కనిపించేలాగానే ఉంది. కవర్ అదే అన్నవాడు ఆ గడి చూడలేదు. చూశాడేమో కూడా, చెప్పలేదు.

కాబట్టి కొత్త కంపెనీ "మీ పని రెట్రో డేట్‌కి ముందుది, పైగా మీకు ముందే తెలుసు" అని ఆ మెయిల్ చూపించింది. పాత కంపెనీ "మా పాలసీ అయిపోయాక వచ్చిన క్లెయిమ్ ఇది" అంది. రెండూ పాలసీలో రాసి ఉన్న మాటలే. వాదించడానికి చోటు లేదు.

ఆ మెయిల్ వచ్చిన రోజునే పాత కంపెనీకి "ఇలా ఒక అనుమానం వచ్చింది" అని రాసి ఉంటే కథ వేరేగా ఉండేది. చాలా పాలసీల్లో ఇలా ముందుగా తెలియజేసే ఏర్పాటు ఉంటుంది. తర్వాత క్లెయిమ్ వచ్చినా దాన్ని ఆ పాలసీ కిందే చూస్తారు. చెబితే ప్రీమియం పెరుగుతుందేమోనని చాలామంది దాస్తారు. నాకు ఆ భయం కూడా లేదు, ఒట్టి బద్ధకం.

మారక తప్పకపోతే పాత రెట్రో డేట్‌నే కొనసాగిస్తున్నట్టు కొత్త షెడ్యూల్‌లో రాయించుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే పాత కంపెనీ దగ్గర ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్ (పాలసీ అయిపోయాక వచ్చే క్లెయిమ్‌లని కూడా తెలియజేసే అదనపు గడువు) దొరుకుతుందేమో అడగండి. అది సాధారణంగా విడిగా డబ్బు కట్టి కొనాలి, అడగడానికి గడువు కూడా ఉంటుంది. వ్యాపారం మూసేసేవాళ్లకీ ఇదే సలహా. ఆఫీసుకి తాళం వేసినా, మనం పాతిన హద్దు రాళ్లు అక్కడే ఉంటాయి, వాటి మీద తగాదాలు ఎప్పుడైనా రావచ్చు.

ఆ తర్వాత పాలసీ మొత్తం కూర్చుని చదివాను, క్లెయిమ్ పోయాక. "ప్రొఫెషనల్ సర్వీసెస్" అన్న చోట హద్దుల కొలతలు, మ్యాపులు అని మాత్రమే ఉంది. నిర్మాణానికి మార్కింగ్ ఇవ్వడం అన్న మాటే లేదు. మా ఆదాయంలో సగానికి పైగా దాని మీదే! డ్రోన్ సర్వే, భూమి లోపలి పైపులు, కేబుళ్లు గుర్తించే పని చేసేవాళ్లు మినహాయింపుల పేజీ ఇంకా జాగ్రత్తగా చూడండి. బయటి టీమ్‌కి అప్పగించిన పని కవర్ అవుతుందో లేదో కూడా. లాయర్ ఫీజులు లిమిట్‌లోంచే పోతాయా, విడిగా ఇస్తారా అన్నది మరో పెద్ద తేడా. లిమిట్‌లోంచే పోతే, కేసు సాగినకొద్దీ పరిహారానికి మిగిలేది కరిగిపోతూ ఉంటుంది.

జనరల్ లయబిలిటీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ట్రైపాడ్ ఎవరి కారు మీదో పడితే అది పనికొస్తుంది. కోఆర్డినేట్ తప్పితే రాదు.

నోటీసు వచ్చిన టెన్షన్‌లో "తప్పు మాదే, ఖర్చు భరిస్తాం" అని మెయిల్ పెట్టేశాను. నిజాయితీగా ఉందామనే పెట్టాను. కంపెనీని అడగకుండా బాధ్యత ఒప్పుకోకూడదన్న షరతు పాలసీలో ఉంది. మిగతావన్నీ సరిగ్గా ఉన్నా, ఈ ఒక్కదానితోనే పేచీ పెట్టేవారు.

ఇప్పుడు కోట్ వచ్చినప్పుడల్లా ఏజెంట్‌కి ఒకే మెయిల్ పెడుతున్నాను: "రెట్రోయాక్టివ్ డేట్ ఎంత? నిర్మాణ మార్కింగ్ ఉందా? లాయర్ ఖర్చు లిమిట్ లోపలా, బయటా?" ఇద్దరు ఫోన్ చేసి చెప్పారు. మెయిల్‌లోనే రాసి పంపమన్నాను. ఒకరు పంపారు.