విజయనగరంలో దెయ్యం సినిమా సెకండ్ షో: హాలు మంచిదే, ఏసీ ఒక్కటే బాధ

దెయ్యం సినిమాని ఫోన్‌లో చూసి "ఏం భయం వెయ్యలేదు" అనేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వంటింట్లో కుక్కర్ కూస్తుంటే, మధ్యలో మెసేజ్‌లు టింగుమంటుంటే భయం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఇలాంటి సినిమా ఏది వచ్చినా నేనూ మా బావా ఊళ్లో ఒక పాత హాలుకి సెకండ్ షోకే వెళ్తాం. దాని లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను. 2023లో విరూపాక్ష, మా ఊరి పొలిమేర 2, మంగళవారం మూడూ అక్కడే చూశాం.

ముందు సౌండ్. విరూపాక్ష మొదట్లో చేతబడి చేస్తున్నారని ఊరి జనం భార్యాభర్తలిద్దర్నీ తగలబెడతారు కదా, పుష్కర కాలంలో ఊరు వల్లకాడైపోతుందని ఆవిడ శపించేటప్పుడు అజనీష్ లోక్‌నాథ్ మ్యూజిక్ చెవికంటే ముందు సీటు వెనక నుంచి వీపుకి తగిలింది. హాలంతా గప్‌చుప్. ముందు వరసలో ఒక పెద్దాయన మాత్రం "సిల్లంగి... సిల్లంగి ఎట్టీసినారు" అని గొణిగాడు. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు, దీపాలు పెట్టాక ఆ మాట ఎత్తితే మా నాయనమ్మ నోరు మూయించేది. ఆ పెద్దాయన గొంతు విన్నాక నాకు స్క్రీన్ మీది ఊరు రుద్రవనం మా పక్క ఊరే అనిపించింది.

బొమ్మ కూడా బాగుంటుంది. ప్రొజెక్టర్ ల్యాంప్ పాతబడితే రాత్రి సీన్లన్నీ మసకబారిపోతాయి, చీకట్లో ఎవరున్నారో తెలియదు, భయానికి బదులు చిరాకు వస్తుంది. ఇక్కడ నలుపు నలుపులాగే ఉంటుంది. బాల్కనీ మధ్యలో, కుడి వైపుకి కూర్చోండి. ఎడమ పక్క తలుపుకి వేసిన కర్టెన్ జానెడు పొట్టి, వరండాలో ట్యూబ్‌లైట్ వెలుగు ఆ పక్క నాలుగైదు సీట్ల మీద పడుతూనే ఉంటుంది.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న ఒక కొత్త హారర్ సినిమాకి వెళ్తే హాల్లో ముప్ఫై మంది కూడా లేరు, ఇంటర్వెల్ అయ్యాక ఏసీ ఆపేసి గోడ ఫ్యాన్లు వేశారు. చెమట సంగతి పోనివ్వండి, అందులో ఒక ఫ్యాన్ టకటకా కొట్టుకుంటోంది. ఈ సినిమాల్లో పెద్ద చప్పుడుకి ముందు నాలుగైదు సెకన్లు ఏ శబ్దమూ లేకుండా వదిలేస్తారు, మనం ఊపిరి బిగబట్టేది అక్కడే. హీరోయిన్ తలుపు గడియ మీద చెయ్యి వేసింది, మాకు మాత్రం టక టక టక. ఆ సీన్ మొత్తం పోయింది. బావ ఉండబట్టలేక బయటికెళ్లి "ఏటండీ, టికెట్టు సగం డబ్బులకే ఇచ్చారా?" అని అడిగితే, ఇంత కొద్దిమందికి ఏసీ నడిపితే కరెంటు బిల్లుకే చాలవండీ అన్నాడు మేనేజరు. ఆయన కష్టం నాకు తెలుసు, సెకండ్ షోకి జనం తగ్గిపోయారు. కానీ ఉన్న ఆ కొద్దిమందీ ఆ భయం కోసమే నిద్ర మానుకుని వచ్చారు కదా. పావుగంట తర్వాత ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపారు.

ఖాళీ హాలు అంటే నాకు ఇష్టమే నిజానికి. 1992లో వచ్చిన రామ్‌గోపాల్ వర్మ సినిమా 'రాత్రి'లో, హాల్లో బొమ్మ చూస్తున్న హీరోయిన్ రేవతికి ఉన్నట్టుండి చుట్టూ సీట్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి. చిన్నప్పుడు టీవీలో చూశాను, ఇప్పటికీ ఈ హాల్లో లైట్లు ఆరగానే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

చిన్నపిల్లల్ని మాత్రం తీసుకురాకండి. విరూపాక్షకి ఇచ్చింది పెద్దవాళ్లకి మాత్రమే అనే 'A' సర్టిఫికెట్, అయినా గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, మా వెనక ఒక పాప మొదటి సీన్‌కే ఏడుపు అందుకుంది. ఆ పాప చాలాసేపు వాళ్లమ్మ ఒళ్లో మొహం దాచుకునే ఉంది.

నా మార్కులు 5కి 3.5. ఏసీ చివరిదాకా ఉంచి, ఆ కర్టెన్ జానెడు దించితే ఇంకొకటి సంతోషంగా ఇస్తాను. వెళ్లేవాళ్లు సొంత బండి మీద వెళ్లండి, వదిలేసరికి ఒంటిగంట దగ్గర పడుతుంది, ఆ టైముకి ఆటోలు దొరకవు. మేం పెద్ద చెరువు పక్క నుంచే ఇంటికి వస్తాం, విరూపాక్ష చూసిన రాత్రి బావ ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.