చిన్ననాటి వీడియో గేమ్ పేరుతో అమ్ముతున్న 620 ఆటల పెట్టె: కొనేవారికి హెచ్చరిక

నెల రోజుల క్రితం ఫోనులో కనిపించిన ఒక ప్రకటన చూసి 2,199 రూపాయలు పెట్టి నేనొక మినీ వీడియో గేమ్ కన్సోల్ కొన్నాను. అది జపానుకు చెందిన నింటెండో సంస్థ 2016 నవంబరులో విడుదల చేసిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ ఎడిషన్ అని, సీలు తీయని సరుకు అని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నేరుగా టీవీకి పెట్టుకోవచ్చని ఆ ప్రకటనలో రాసి ఉంది. ఇంటికి వచ్చింది మాత్రం పైడొప్ప ఒక్కటే దాన్ని పోలిన వేరే పెట్టె. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా తేలలేదు. పైగా అదే పెట్టె, అవే ఫొటోలతో, ఆ తర్వాత నాకు మరెన్నో పేర్ల కింద కనిపించింది కాబట్టి ఒక్క పేరు చెప్పినంత మాత్రాన ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. కొనబోయేవారు ఆ పెట్టెను గుర్తుపట్టగలిగితే చాలు.

నలభై దాటిన మనిషి ఇలాంటి ప్రకటనకు ఎలా పడిపోయాడని మా ఇంట్లో అడిగారు. జవాబు ఆ వస్తువులోనే ఉంది. అసలైన ఎన్‌ఈఎస్ క్లాసిక్ అరచేతిలో ఇమిడిపోతుంది. 1985లో అమెరికాలో వచ్చిన ఎన్‌ఈఎస్ (నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్) అనే పాత యంత్రం ముఖాన్ని, దాని బటన్లను అచ్చుగుద్దినట్టు చిన్నదిగా చేసి, 30 ఆటలను లోపలే పెట్టి అమ్మారు. క్యాసెట్టు పెట్టే చోటు ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఆ మూత తెరుచుకోదు. ఇంటర్నెట్ అక్కర్లేదు, అప్‌డేట్లు లేవు, ఆన్ చేసిన వెంటనే ఆట మొదలవుతుంది. ఆటను ఎక్కడ ఆపితే అక్కడ భద్రపరచుకోవడానికి ఒక్కో ఆటకు నాలుగు చోట్లు ఇచ్చారు. పాత డబ్బా టీవీలో కనిపించినట్టు తెర మీద గీతలు వచ్చే ఏర్పాటు కూడా ఉంది. క్యాసెట్టును నోటితో ఊది పెట్టి, అమ్మ సీరియల్ మొదలయ్యేలోగా ఇంకొక్క స్టేజి దాటాలని తాపత్రయపడిన తరానికి ఇది కేవలం ఆటవస్తువు కాదు. మా అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, ఇద్దరం కలిసి ఆడదామని నేను దీన్ని కొన్నాను.

పెట్టె తెరవగానే మొదట తేడా కొట్టింది వెనకవైపు. హెచ్‌డీఎంఐ లేదు, పసుపు, తెలుపు రంగుల ఏవీ పిన్నులు ఉన్నాయి. మా టీవీలో ఆ రంధ్రాలే లేవు కాబట్టి కలపడానికి ఇంకొక అడాప్టరు కొనవలసి వచ్చింది. అంత చేసి కలిపితే బొమ్మ అడ్డంగా సాగి, అక్షరాల అంచులు అలికేసినట్టుగా వచ్చాయి. బటన్ నొక్కిన తర్వాత మేరియో ఎగరడానికి పట్టే ఆలస్యం కంటికి తెలిసేంతగా ఉంది. గోతులు దాటవలసిన ఆటలో ఆ క్షణం ఆలస్యమే ప్రాణం తీస్తుంది. ఇలాంటి పెట్టెల్లో పాత యంత్రం చేసే పనినంతా ఒక చవక చిప్పులోకి కుదించి, దాని మీద నల్లటి జిగురు చుక్క వేసి మూసేస్తారు. ఆటను భద్రపరచుకునే వీలు నాకు వచ్చినదానిలో లేదు, కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే. 620 ఆటలన్నారు కదా అని ఒక ఆదివారం కూర్చుని వరుసగా చూశాను. ఒకే ఆట నాలుగైదు పేర్లతో తిరిగి తిరిగి వచ్చింది. కొన్నిచోట్ల రెండో స్టేజి నుంచి మొదలుపెట్టి దానినే కొత్త ఆటగా లెక్కగట్టారు, కొన్నిచోట్ల మేరియో చొక్కా రంగు మాత్రం మార్చారు.

అయితే నన్ను మోసపుచ్చింది ఆ 620 అనే అంకె కాదు. ప్రకటనలో చూపించిన ఆటల బొమ్మలు. అందులో కాంట్రా ఉంది, ట్యాంకుల ఆట ఉంది, తుపాకీతో బాతులను కాల్చే డక్ హంట్ ఉంది, సర్కస్ ఉంది. 1990లలో మన ఊళ్ళలో పెరిగినవారి చేత పర్సు తీయించడానికి ఈ నాలుగు బొమ్మలు చాలు. కానీ అసలైన ఎన్‌ఈఎస్ క్లాసిక్‌లోని 30 ఆటల్లో ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా లేదు. కాంట్రాకు తరువాయిగా వచ్చిన సూపర్ సీ మాత్రం ఉంది. డక్ హంట్ విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది: ఆ పాత తుపాకీ పిక్చర్ ట్యూబు ఉన్న టీవీ తెర మీది వెలుగును పసిగట్టి పనిచేసేది, నేటి పలచటి టీవీల ముందు అది పనిచేయదు. మనకు బాగా గుర్తున్న ఆటలను చూపించి ఇదే అసలైన క్లాసిక్ అని ఎవరైనా అంటే, ఆ ఆటల పట్టికే అది నకలని చెబుతున్నట్టు లెక్క. ఈ సంగతి కొన్న తర్వాత తెలుసుకున్నాను, అదే నా తప్పు.

మన జ్ఞాపకాల్లోని యంత్రం కూడా చాలావరకు నకలేనని ఒక మిత్రుడు నవ్వుతూ అన్నాడు. అందులో అబద్ధం లేదు. అప్పట్లో మన బజార్లలో దొరికినవి ఎక్కువగా నింటెండో వారి జపాను యంత్రానికి నకళ్ళే, 9999 ఆటలని రాసి ఉన్న క్యాసెట్టులో ఉండేవి పట్టుమని పది ఆటలే. కాబట్టి ఇది నకలని తెలిసి, అమ్మేవాడు కూడా ఆ మాట చెప్పి, ఆరేడు వందలకు ఎవరైనా కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. అసలైనదని చెప్పి మూడింతల ధరకు అంటగట్టడమే నా ఫిర్యాదు.

ధర దగ్గరే నాకు అనుమానం రావలసింది. అమెరికాలో అసలైన ఎన్‌ఈఎస్ క్లాసిక్ ప్రకటిత ధర 59.99 డాలర్లు, అంటే ఆనాటి మారకంలోనే సుమారు నాలుగు వేల రూపాయలు. 2017 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆపేశారు, గిరాకీ చూసి 2018 జూన్‌లో మళ్ళీ అమ్మకానికి తెచ్చారు, ఆ ఏడాది చివరి నిల్వతో అమెరికాలో దాని కథ ముగుస్తుందని సంస్థే చెప్పింది. మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు. దొరకని వస్తువు సగం ధరకు, ఎన్ని కావాలంటే అన్ని, కొత్తగా దొరుకుతోందంటే అందులో ఏదో ఉన్నట్టే. ఫొటోలో రెండు రిమోట్లు కనిపించినా ఆగాలి, ఎందుకంటే అసలు పెట్టెలో ఇచ్చింది ఒక్కటే. రెండిచ్చింది 2017లో అదే సంస్థ 21 ఆటలతో తెచ్చిన సూపర్ నింటెండో మినీకి. వెనకభాగం ఫొటో పంపమని అడగండి: హెచ్‌డీఎంఐ, మైక్రో యూఎస్‌బీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. నేను అడగలేదు, వాళ్ళు పెట్టలేదు.

అసలైనవన్నీ బాగుంటాయని కూడా నేననను. సోనీ 2018 డిసెంబరులో 20 ఆటలతో తెచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్‌లో కొన్ని ఆటలకు నెమ్మదిగా నడిచే ఐరోపా ప్రతులు వాడారని విమర్శలు వచ్చి, 99.99 డాలర్ల ధర కొద్ది నెలల్లోనే బాగా పడిపోయింది. 2019లో వచ్చిన సెగా మినీకి మంచి పేరుంది, ఇప్పుడు అది కూడా సెకండ్ హ్యాండులోనే వెతుక్కోవాలి.

డబ్బు సంగతి. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాను కానీ, డబ్బు ఇచ్చేదాకా డబ్బా విప్పనివ్వలేదు. విప్పుతూ వీడియో తీశాను, అదొక్కటే ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం. మొదట వాళ్ళు వాట్సాప్‌లో జవాబిచ్చారు, తర్వాత సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నారు, ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశారు. ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కనబడేలా పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ సైటులో ఫోను నంబరు తప్ప మరొకటి లేదని అప్పుడు గమనించాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. ఫిర్యాదుకు ఆర్డరు నంబరు, చెల్లించిన రుజువు, ప్రకటన స్క్రీన్‌షాట్ కావాలి. ప్రకటనను ముందే దాచుకోవడం మంచిది, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన రెండో రోజుకు ఆ పేజీ మాయమైంది.

ఆ నకలు పెట్టెతో వచ్చిన చార్జరు మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు లేదు, పది నిమిషాలకే చెయ్యి కాలేంత వేడెక్కింది. ఎవరి దగ్గరైనా ఇలాంటిది ఉంటే దానిని గోడ ప్లగ్గులో పెట్టి పిల్లలను వదిలి వెళ్ళవద్దు. పెట్టెను, చార్జరును, పైన అంటించిన కొరియర్ చీటీతో సహా అట్టపెట్టెను అలాగే దాచి ఉంచాను. పాతసామాను వాడికి వేసేద్దామని ఇంట్లో రోజూ అంటున్నారు, ఫిర్యాదు తేలేదాకా మాత్రం కుదరదు.