లా పాత ప్రశ్నపత్రాల బైండింగ్: కోర్సంతా వాడి చెబుతున్నా

గుంటూరు బ్రాడీపేటలో మా రూము దగ్గర జిరాక్సు షాపువాళ్ళు ఎల్‌ఎల్‌బీ పాత పేపర్లన్నీ స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతారు. కొన్నవాళ్ళలో చాలామంది చేసేది ఒకటే. ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో టిక్కులు పెట్టుకుని, మిగతా సిలబస్‌కి నీళ్ళొదలడం. వ్యాసాల వరకూ అది గట్టెక్కిస్తుందేమో గానీ, ఒక కేసులాంటి కథ ఇచ్చి చట్టం ఏమంటుందో అడిగే ప్రాబ్లం ప్రశ్నలకి పనికిరాదు.

బైండింగ్ విలువ తెలిసేది గడియారం ముందు పెట్టుకుని మూడు గంటలూ కూర్చుని రాసినప్పుడే. కాంట్రాక్ట్ పేపర్లో పదిహేడేళ్ళ కుర్రాడు మేజర్నని అబద్ధం చెప్పి, ఇల్లు తనఖా పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. చూడగానే మోహరీ బీబీ కేసు, 1903, మైనర్ ఒప్పందం చెల్లదు అని రాసేస్తాం. అంతటితో అయిపోదు. ఆ కేసులో అప్పిచ్చినాయన తరఫు మనిషికి అవతలివాడు మైనరని ముందే తెలుసు. ప్రాబ్లంలో తెలియదు. అప్పుడు ఎస్టాపెల్ వాదన, అంటే ముందు చెప్పిన మాట నుంచి ఇప్పుడు తప్పుకోకూడదన్నది, నిలుస్తుందా? ఒప్పందం చెల్లకపోయినా, తీసుకున్న సొమ్ము మాటేమిటి? 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 33 దాకా వెళ్ళాలి. నోట్సు ఎన్నిసార్లు తిరగేసినా తట్టని ఈ మెలికలు, పెన్ను పట్టాక బయటపడతాయి.

పెద్ద లోటు, బైండింగ్‌లో జవాబులుండవు. నేనూ మా రూమ్మేటూ పేపర్లు మార్చుకుని దిద్దుకునేవాళ్ళం. వాడు మార్కులు వేయడంలో పిసినారి, అదే కలిసొచ్చింది. జవాబులతో అమ్మే గెస్ పేపర్లు మాత్రం డబ్బు దండగ, వాటిలో కేసుల పేర్లు కూడా సరిగా ఉండవు.

ఇంకో చిక్కు, 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. పాత పేపర్లో హత్యకి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 300 అని ఉంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 101 అని చదువుకోవాలి. అలాగని క్రిమినల్ పేపర్లు పారేయక్కర్లేదు. పోలీసు కస్టడీలో నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే ఆ మాట ఎంతవరకూ సాక్ష్యమో చెప్పే సాక్ష్యాధారాల చట్టం సెక్షన్ 27 ఇప్పుడు బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 23 కిందికి చేరింది గానీ, దాని మీద 1946లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పిన పులుకూరి కోటయ్య తీర్పు ఇప్పటికీ రాయాల్సిందే. అది మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్ళిన కేసే మరి! నేనైతే మార్జిన్లో కొత్త నంబర్లు పెన్సిల్‌తో వేసుకుని అవే పేపర్లు రాశాను.

పరీక్షకి వారం ముందు కొనేవాళ్ళకి ఇది దండగ. సెమిస్టర్ సగంలో, ఒక యూనిట్ పూర్తయ్యాక ఆ యూనిట్ ప్రాబ్లమ్స్‌తో మొదలెట్టేవాళ్ళయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు.