మూఢంలో రాక్ షో: నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద మా బ్యాండ్

పంచాంగం చూసి రాక్ షో తేదీ పెట్టుకోవడం ఎవరికైనా వింతగా అనిపించొచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తిరిగే బ్యాండ్‌కు మాత్రం అది తప్పదు. పెళ్ళి ముహూర్తాలు గట్టిగా ఉన్న వారంలో జిల్లా కేంద్రంలో లాడ్జి గది దొరకదు, జనరేటర్ దొరకదు, సౌండ్ సెట్టు దొరకదు. దొరికినా రేటు రెండింతలు. అదే మూఢం నడుస్తుంటే లాడ్జి మేనేజరే ఫోన్ చేసి "అన్నా, ఎప్పుడొస్తున్రు?" అని అడుగుతాడు. అందుకే ఈసారి షోలన్నీ మూఢంలోకి నెట్టేశాం.

బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయిస్తాను, లెక్కలు కూడా నా దగ్గరే. బండి, గది, తిండి, కరెంటు, సౌండ్‌ల గొడవంతా నాదే కాబట్టి ఇందులో పాటల ముచ్చట తక్కువ ఉంటుంది.

మా బండి టెంపో ట్రావెలర్. వెనక సీట్లు పీకేసి డ్రమ్స్, గిటార్ల శబ్దం పెంచే ఆంప్‌లు, కేబుల్ పెట్టెలు పేర్చుకున్నాం. హైదరాబాద్ నుంచి 65వ నంబరు హైవే ఎక్కితే పంతంగి టోల్, అది దాటాక చిట్యాల, నార్కట్‌పల్లి. టోల్ కారుకైతే ఒక రేటు, మా బండికి ఇంకో రేటు, బడ్జెట్ వేసేటప్పుడు కారు లెక్క వేసుకోవద్దు. నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కు ఆగడానికి పెద్ద హోటళ్ళు చాలానే ఉన్నాయి, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, అర్ధరాత్రి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడి నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుంటే నల్లగొండ ఎంతో దూరం లేదు.

నల్లగొండలో షో కాలేజీ గ్రౌండ్‌లో. జనం సంగతి ముందే చెప్పేస్తా: ఈ టూర్‌లో మాకు దొరికిన ఆడియెన్స్‌లో నల్లగొండ పిల్లలే ఫస్ట్. పాట తెలియకపోయినా తాళం పట్టుకుంటారు. మా సొంత పాట ఒకదాంట్లో డ్రమ్స్ దరువు డప్పు దెబ్బకు దగ్గరగా ఉంటుంది. ఆ ముక్క రాగానే ఒక కుర్రాడు ఎక్కడి నుంచో డప్పు పట్టుకుని స్టేజి కిందికి వచ్చేశాడు. మా డ్రమ్మర్ సైగ చేస్తే పైకెక్కి కడదాకా వాయించాడు. రిహార్సల్ చేసినా అంత కుదరదేమో!

అసలు టెన్షన్ షోకు ముందు. గిటార్ తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకు తగిలితే చురుక్కుమని షాక్ కొడుతుంది. గిటార్ ఆంప్ ఒక లైన్ మీద, మైకులన్నిటినీ కలిపే మిక్సర్ ఇంకో లైన్ మీద ఉండి, రెండింటి ఎర్త్ కలవకపోతే ఆ తేడా సింగర్ మూతి మీద తేలుతుంది. ఈ రెండు పాత జిల్లాల్లో కింద రాయి, పైన ఎండిన నేల. ఎర్త్ కోసం నేలలో పాతే ఇనుప కడ్డీ, అదే ఎర్త్ రాడ్, దిగదు, దిగినా పొడి మట్టిలో పని చేయదు. అక్కడి ఎలక్ట్రీషియన్ రాడ్‌ను సుత్తితో కొట్టి కొట్టి "రాయి తగుల్తున్నదన్నా" అని లేచాడు. తర్వాత చోటు మార్చి, గుంత తీసి, రాడ్ దించి, రాళ్ళ ఉప్పు పోసి, బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరించాడు. మీటర్ పెట్టి చూసి, ఇంకో రెండు బకెట్లు పోసి, "ఇగ పాడమను" అన్నాడు. సింగర్ ముందు వేలితో మైకు తాకి, ఆ తర్వాతే మూతి పెట్టాడు. ఏమీ కొట్టలేదు.

1982లో అమెరికాలో వాన్ హేలెన్ బ్యాండ్ తమ రైడర్‌లో, అంటే నిర్వాహకులకు ముందే పంపే అవసరాల పట్టీలో, ఎం అండ్ ఎం చాక్లెట్లు పెట్టాలి కానీ గోధుమ రంగువి ఒక్కటి కూడా ఉండకూడదని రాసింది. అది వాళ్ళ కొవ్వు అనుకున్నారు అందరూ. నిజానికి కాగితం మొత్తం చదివారా లేదా అని తెలుసుకునే ఉపాయం అది. గిన్నెలో గోధుమ రంగు గోళీ కనబడితే కరెంటు, స్టేజి బరువు అన్నీ మళ్ళీ చెక్ చేసుకునేవాళ్ళట. నల్లగొండ తర్వాత మా రైడర్‌లో కూడా ఒక లైన్ చేరింది: ఎర్త్ రాడ్ పాతిన ఫోటో వాట్సాప్‌లో పంపాలి. ఫోటో రాకపోతే మేం రెండు గంటలు ముందే దిగుతాం.

సౌండ్ గురించి ఒక మాట. ఇక్కడి సౌండ్ వాళ్ళను చేతకానివాళ్ళు అనుకుంటే పొరపాటు. బరాత్‌లకు, వినాయకుడి ఊరేగింపులకు డీజే పెట్టీ పెట్టీ బేస్ బాక్సుల విషయంలో వాళ్ళకు తెలిసినంత నగరంలో చాలామందికి తెలియదు. ఇబ్బంది ఎక్కడంటే, డీజేకు ల్యాప్‌టాప్ నుంచి రెండు వైర్లు వస్తే చాలు. మేం డ్రమ్స్‌కే ఎనిమిది మైకులు అడుగుతాం. "రెండు వైర్ల పనికి గిన్ని వైర్లేందన్నా?" అన్నాడు మిక్సర్ దగ్గర అబ్బాయి. గంట కూర్చుని చూపిస్తే పట్టేశాడు. ఒక్కటే పేచీ: సింగర్ గొంతు మీద ఎకో. మనం తగ్గిస్తే అటు తిరిగేలోపు మళ్ళీ పెంచేస్తాడు. ఎకో లేకపోతే ఫంక్షన్ అనిపించదట! స్టేజి వెనక నిలబడ్డ మా మనిషి పనల్లా ఆ ఒక్క బటన్ కాపలా కాయడం. జనరేటర్లు మాత్రం రెండు మాట్లాడుకోండి. లైట్లు, సౌండ్ ఒకే దాని మీద వేస్తే డిమ్మర్ తిప్పినప్పుడల్లా గిటార్‌లోంచి జుయ్యి మని చప్పుడు.

మైక్ పర్మిషన్ పోలీస్ స్టేషన్‌లో ముందే తీసుకోవాలి. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడింటికి మొదలుపెట్టాల్సిన షోకు ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకు వచ్చి, సన్మానం, శాలువా, ప్రసంగం అయ్యేసరికి మనకు మిగిలేది ముప్పావు గంట. అందుకని మంచి పాటలు చివరికి దాచుకోవడం మానేశాం. మొదటి పాటే మా గట్టి పాట.

నల్లగొండలో మేం దిగిన లాడ్జి క్లాక్ టవర్‌కు దగ్గర్లోనే. గది చిన్నది, ఫ్యాన్ పెద్ద చప్పుడు, కానీ 24 గంటల చెకౌట్. మధ్యాహ్నం రెండింటికి దిగితే మర్నాడు రెండింటి దాకా మనదే. రాత్రి ఒంటి గంటకు పడుకునే బ్యాండ్‌కు ఏసీ కంటే అదే ముఖ్యం. పొద్దున ఖాళీ దొరికితే పానగల్లు వెళ్ళి ఛాయా సోమేశ్వరాలయం చూడండి. లింగం మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. మా లైటింగ్ అబ్బాయి ఆ నీడ ఎక్కడి నుంచి పడుతుందో కనిపెడతానని స్తంభాల చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి దండం పెట్టుకుని వచ్చాడు.

మిర్యాలగూడలో షో ఫంక్షన్ హాల్లో. రేకుల కప్పు, నున్నటి గచ్చు, డ్రమ్ ఒక్కసారి కొడితే మూడుసార్లు వినబడుతుంది. హాలు వెనక గోడకు టెంట్ హౌస్ పరదాలు, కింద తివాచీలు వేయించాక కొంత నయం. ఊరు బియ్యం మిల్లులకు పేరున్నది కాబట్టి రాత్రంతా లారీలు నడుస్తూనే ఉంటాయి, లారీలు నడిచే చోట తిండికి లోటుండదు. షో అయ్యాక రోడ్డు పక్కన వేడి వేడి అన్నం, పచ్చిపులుసు, గుడ్డు వేపుడు. పన్నెండున్నరకు అది దొరకడమంటే మాటలు కాదు.

తర్వాత నాగార్జున సాగర్‌లో ఆగాం. షో లేదు, పడుకోవడానికే. టూరిజం వాళ్ళ విజయ్ విహార్‌లో రిజర్వాయర్ వైపు గది దొరికితే వదులుకోవద్దు. డ్యామ్‌కు 26 గేట్లు. అవి ఎత్తిన రోజుల్లో మాత్రం జనం పోటెత్తుతారు, గది మాట మరిచిపోవాలి. 2022లో తెరిచిన బుద్ధవనం కూడా పక్కనే, 274 ఎకరాలు. సాయంత్రం నడవడానికి బాగుంటుంది. షోల వ్యాపారానికి సాగర్ పనికిరాదు, చెవులకు రెస్ట్ ఇవ్వడానికి దాన్ని మించింది లేదు.

అక్కడి నుంచి పాలమూరు వైపు హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాం. హైదరాబాద్ పోయి మళ్ళీ దిగే పని తప్పుతుంది. తెల్లారి బయల్దేరండి. 65వ హైవే మీద లాగా అడుగడుగునా హోటళ్ళు ఉంటాయనుకుంటే కడుపు మాడుతుంది.

మహబూబ్‌నగర్‌లో ఆడిటోరియం చక్కగా ఉంది, కరెంటు నిలకడగా ఉంది, ఎర్త్ ఫోటో కూడా టైముకే వచ్చింది. బస మాత్రం ఏడిపించింది. లాడ్జి పేరు రాయను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, బేస్ క్యాబినెట్ నలుగురం మోశాం. సామాను పెట్టిన గదికి ఇంకో గది అద్దె వేశారు. ఇదేందంటే "బాక్సులకు గూడ జాగ గావాలె గద సార్" అన్నాడు కౌంటర్‌లో ఆయన. చెకౌట్ పన్నెండింటికే. రాత్రి షటర్ వేసేసి వాచ్‌మన్ నిద్రపోయాడు. డ్రైవర్‌కు పడుకునే చోటు ఇవ్వలేదు. ఈ ఆఖరిది నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. రేపు పొద్దున మా ఏడుగురి ప్రాణాలు ఆయన చేతిలోనే కదా! బుకింగ్ అప్పుడే డ్రైవర్ మంచం సంగతి తేల్చుకోండి. పిల్లలమర్రి చూశాం. కొన్ని వందల ఏళ్ళ మర్రి, చెదలు పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగిపడితే, తర్వాత చెట్టుకు సెలైన్ లాగా సీసాలు కట్టి మందు ఎక్కించారు.

ఊళ్ళు తిరిగి పాడటం ఈ నేలకు కొత్త కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని తిరిగినాయన, 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట వైపు బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. జనరేటర్ వద్దు, మిక్సర్ వద్దు, ఎర్త్ రాడ్ అసలే వద్దు. లెక్కలు రాసుకునేవాడిగా నాకు ఆ పద్ధతి మీద కొంచెం అసూయే.

గద్వాలలో లాడ్జీలు ఎక్కువ లేవు, ఉన్నంతలో రైల్వే స్టేషన్ వైపు నయం అనిపించింది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కర్నూలు గాలి ఇక్కడి దాకా కొడుతుందని ప్లేటు చూస్తే తెలిసిపోతుంది. మధ్యాహ్నం జూరాల డ్యామ్ దగ్గర చేపల వేపుడు. చేప మనం చూపిస్తే కోసి, కారం పట్టించి, కళ్ళ ముందే నూనెలో వేస్తారు. ముందు ధర మాట్లాడుకోండి, కిలో లెక్క చేప కోయకముందా, కోసినాకనా అని అడగండి. మా గిటారిస్టు కారం చేతులతోనే తీగలు మార్చబోతే అందరం కలిసి ఆపాం.

శ్రీశైలం రోడ్డు మీదుగా తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒక్క మాట. అది అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూర్ చెక్‌పోస్ట్ మూసేస్తారు. బ్యాండ్ అని చెప్పినా, గిటార్ చూపించినా గేటు ఎత్తరు. అటువైపు షో ఉంటే మర్నాడు పొద్దున బయల్దేరేలా గది తీసుకోండి, దాని అద్దె ముందే నిర్వాహకుల లెక్కలో వేయండి.